సముద్రం లేని ఊళ్లో ఓడ ముద్ర

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. రెండేళ్లపాటు నేను వెతకని చోటంటూ లేకుండా వెతికిన పుస్తకం, అంతకు ఏడేళ్ల ముందే నా చేతుల్లో ఉండింది. మెదక్‌లోనే, పాత సామాన్ల దుకాణంలో, న్యూస్‌పేపర్ కట్టల మధ్య కనిపించింది. ఆకుపచ్చ గుడ్డ అట్ట, దాని మీద లంగరు బొమ్మ. నిలబడి పది నిమిషాలు తిరగేశాను. లోపల ఒక్క స్టాంపు బొమ్మ కూడా లేదు. అన్నీ నల్లగీతలతో గీసిన గుండ్రాలు, కోడిగుడ్డు ఆకారాలు, చట్రాలు. స్టాంపుల్లేని స్టాంపుల పుస్తకం ఎవరికి కావాలని మళ్లీ కట్టలోకే తోసేశాను. అంతటితో ఊరుకోక, "మెదక్ల ఓడలు యాడ నడుస్తయే, మంజీరలనా?" అని దుకాణదారుతో పరాచికమాడాను. అతను మర్యాదకు నవ్వాడు.

నేను తపాలా శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ని. ముప్పై ఏళ్లకు పైగా రోజూ తేదీ ముద్ర కొట్టిన చెయ్యి నాది. అన్నానికి కూర్చున్నా నా కుడి పిడికిలి కంచం పక్కన టకటకలాడుతుందని మా ఆవిడ ఫిర్యాదు. ఉద్యోగం వదిలాక ఆ చేతికి పని కావాలి కాబట్టి ఓడ ఉత్తరాలు పోగు చేయడం మొదలుపెట్టాను. ఓడలో పోయేవాళ్లు ఉత్తరం రాసి ఓడలోని డబ్బాలో వేస్తే, రేవు చేరాక అక్కడి పోస్టాఫీసు వాళ్లు దాని మీద 'పాకెబో' అనే ఫ్రెంచి మాట ఉన్న ముద్ర కొట్టేవారు. ఇది నేల మీద కాదు, ఓడలో వేసిన ఉత్తరమని దాని గుర్తు. సముద్రం చూడని ఊరివాడు ఓడ ముద్రను వెతుక్కోవడమేమిటని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

నా దగ్గరున్న వాటిలో ఒక్కటంటే ప్రాణం. హైదరాబాద్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. హజ్ నుంచి ఓడలో తిరిగొస్తున్న ఎవరో ఇంటికి రాసిన ఉత్తరం తాలూకు కవరు. ఉత్తరం లేదు, కవరే ఉంది; హజ్ సంగతి దాని వెనక రాసుంది. చిరునామా మెదక్, ఖిల్లా కింది గల్లీ. నలుచదరపు చట్రంలో ఓడ ముద్ర. చట్రంలో కుడివైపు కింది మూల మాత్రం లేదు. మా ఊరికి సముద్రం ఒకసారి వచ్చిపోయిందనడానికి నాకు తెలిసిన ఒకే రుజువు అది.

దాన్ని హైదరాబాద్‌లో స్టాంపులవాళ్ల ప్రదర్శనలో పెట్టాను. అక్కడ ఒక పద్ధతి ఉంది. న్యాయనిర్ణేత ప్రతి ఫ్రేము ముందూ ఆగి, చెప్పదలచుకున్నది చిన్న చీటీ మీద రాసి గుచ్చి పోతాడు. ఆ చీటీ మూడు రోజులు అందరి ముందూ ఉంటుంది. ఆ ఏడు న్యాయనిర్ణేత ఓడ ఉత్తరాల్లో పండిపోయిన పెద్దమనిషి. నా ఫ్రేముకు గుచ్చిన చీటీలో ఇలా ఉంది: "అనుమానాస్పదం. మూల విరిగిన చట్రం. ఈమధ్య చేయించిన రబ్బరు ముద్రలా కనిపిస్తోంది." నేను పోయి అడిగితే పదిమంది ముందు చిరునవ్వుతో అన్నాడు.

"మీరు పోస్టాఫీసు మనిషే కదండీ. ముద్రలు కొట్టడం మీకు కొత్తేం కాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తరవాత చాలాసేపు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వంటవాడికి ఉప్పు వేయడం రాదంటే ఓర్చుకుంటాడు, విషం కలిపాడంటే ఓర్చుకోడు. దొంగ ముద్ర కొట్టాడన్న మాట పోస్టు గుమాస్తాకు అలాంటిది. ఆ మూడు రోజులూ తెలిసినవాళ్లు నా ఫ్రేము ముందు ఆగి, చీటీ చదివి, నా వంక చూడకుండా పక్క ఫ్రేముకు జరిగారు. చివరి రోజు ఆయన్నే మళ్లీ అడిగాను, రుజువేమిటని. ఓడ ముద్రలన్నీ గీసి పెట్టిన పాత పుస్తకం ఒకటుందని, అందులో ఈ ముద్ర ఇలాగే ఉంటే చీటీ మారుస్తానని, అది తన దగ్గర కూడా లేదని చెప్పాడు. సరేనన్నాను. ఆ చీటీ ఇంటికి తెచ్చి అద్దం పక్కన గుచ్చుకున్నాను, రోజూ గడ్డం గీసుకునేటప్పుడు కనబడాలని.

వేట ఉత్తరాలతోనే సాగించాను. లైబ్రరీలకు, పాత పుస్తకాల వ్యాపారులకు, రేవు ఊళ్లలో నాలాంటి పిచ్చివాళ్లకు, అందరికీ రిజిస్టర్డ్ పోస్టు. కొందరు లేదన్నారు. ఒక లైబ్రరీవాళ్లు పుస్తకం ఉందని రాశారు, వారం తిరక్కుండా ఉన్నది జాబితాలోనేనని మళ్లీ రాశారు. బొంబాయిలోని ఒక ముసలి వ్యాపారి మాత్రం ఫోన్ చేసి, తను ఒకే ఒకసారి చూశానని ఆనవాళ్లు చెప్పాడు. ఆకుపచ్చ గుడ్డ అట్ట. లంగరు బొమ్మ. లోపల ఒక్క స్టాంపు బొమ్మ ఉండదు.

ఫోన్ పెట్టేసి చెప్పులేసుకున్నాను.

పాత సామాన్ల దుకాణానికి పోతే అతనికి పుస్తకం గుర్తులేదు, నా పరాచికం మాత్రం గుర్తుంది. "గప్పటి సంది ఎన్ని లారీల పేపర్ పోయిందో సార్," అన్నాడు. "మంజీరల కొట్టుకపోయిందేమో, జర ఆడ చూడుండ్రి." నా పరాచికాన్ని అన్నేళ్లు దాచిపెట్టి వడ్డీతో తిరిగిచ్చాడు. ఆ మాట చెబితే మా ఆవిడ రెండు రోజులు నవ్వింది. నేను ఇంకో పాతిక ఉత్తరాలు రాశాను.

పొద్దున పూట పోస్టాఫీసు వరండాలో కూర్చుని, అడిగినవాళ్లకు ఫారాలు నింపిపెట్టడం నాకు అలవాటు. ఒకరోజు రేగోడ్ రైతు ఒకతను కూతురి బడి సర్టిఫికెట్ తెచ్చాడు. హెడ్మాస్టర్ సంతకం, దాని మీద ముద్ర. ముద్ర గుండ్రంగా లేదు. ఎనిమిది మూలలతో ఉంది. నడుమ మూడు అలలు. నా పెన్ను ఆగిపోయింది. ఎనిమిది మూలల ముద్ర వెనకటి ఫ్రెంచి ఓడల్లోనే ఉండే పోస్టాఫీసుల్లో వాడినది. రేగోడ్ బడికి అలలెందుకు? ఈ ముద్ర ఎక్కడ చేయించారని అడిగితే, మెదక్‌లోనే, బస్టాండు దగ్గర చేయించారని చెప్పాడు. అతని ఫారం సగం తప్పులతో నింపి, మళ్లీ మొత్తం రాసిచ్చి లేచాను.

జిరాక్సు సెంటరు పక్కన సందులాంటి దుకాణం. రబ్బరు స్టాంపులు చేసే పెద్దాయనది. తండ్రి ఇత్తడి ముద్రలు చెక్కేవాడట, ఈయన రబ్బరుకు దిగాడు. ఆయన మోచేతి కింద, ఇంకు మరకలతో, ఆకుపచ్చ అట్ట. లంగరు సగం చెరిగిపోయింది.

"గిదా? పాత సామాన్ల దుకాన్ల దొరికింది సార్," అన్నాడు. "జనం ఊకె గుండ్రం, గుండ్రం అంటరు. గీ బుక్కు చూపిస్తే మస్తు ఖుష్ అయితరు. నచ్చింది కొట్టిచ్చుకుంటరు."

తెరిచి చూశాను. సూయెజ్ రేవు ముద్ర పక్కన పెన్సిల్‌తో 'కుల్చారం సొసైటీ'. ఏడెన్ రేవు ముద్ర పక్కన 'తూప్రాన్ విత్తనాల షాపు'. నేను సముద్రాన్ని వెతుకుతూ దేశమంతా ఉత్తరాలు రాస్తుంటే, అది జిల్లా అంతా కాగితాల మీద పారుతోంది.

పుస్తకం అమ్మనన్నాడు, అది ఆయన నమూనాల పుస్తకం. కూర్చుని చూసుకొమ్మని స్టూలు జరిపాడు. మూడు రోజులు ఆ స్టూలు మీదే ఉన్నాను. మూడో రోజు నా ముద్ర దొరికింది. అదే చట్రం, అవే అక్షరాలు. కానీ నాలుగు మూలలూ నిండుగా ఉన్నాయి. న్యాయనిర్ణేత గెలిచాడనుకున్నాను. కవరు తీసి పెద్దాయనకిచ్చాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"గిది రబ్బర్ అన్నది ఎవలు సార్?"

చెప్పాను.

"నేను బొమ్మ చూసి చేస్తే నాలుగు మూలలు చేస్త. ఇరిగిన మూలకు ఆర్డర్ ఎవలిస్తరు? ఇంకోటి, రబ్బర్ ఇరగది. అరుగుతది, ఉబ్బుతది. గిట్ల టక్కున ఇరిగేది లోహమే. పోస్టుల అన్నేండ్లు చేసిండ్రు, మీకెర్క లేదా?"

ఎరుకే. మా ఆఫీసు ఇనుప ముద్రకు కూడా ఒక అంచు ఎగిరిపోయి ఉండేది, దాన్నే పదేళ్లు కొట్టాను. ఒక చీటీ చూసి నా చేతికి తెలిసింది నేనే మరిచిపోయాను.

"బొమ్మ కింద సన్న అక్షరాలున్నయ్, జర చదువుండ్రి," అన్నాడు. "నేను అక్షరాల జోలికి పోను సార్. ఆకారాలే చూస్త."

చదివాను. కొంతకాలం వాడాక ఈ ముద్రకు కుడివైపు కింది మూల ఊడిందని, తరవాతి ఉత్తరాల మీద అలాగే పడుతుందని ఉంది. నాలుగు సార్లు చదివాను. అయిదోసారి బయటికి చదివి వినిపించాను. పెద్దాయన తల ఊపి, సగంలో వదిలేసిన ఏదో సర్పంచ్ ముద్ర మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. పుస్తకం దొరికిందనగానే న్యాయనిర్ణేత సంతోషించాడు. ఎక్కడుందని అడిగాడు. రబ్బరు స్టాంపుల దుకాణంలో అన్నాను. ఏ దుకాణంలో అని మళ్లీ అడిగాడు. పుస్తకం చూసి ముద్ర చేయించారా అని ఆయన అడగలేదు, నేనే విన్నాను. వచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూడమన్నాను.

వచ్చాడు. అదే స్టూలు మీద కూర్చుని అరగంట చూశాడు. సన్న అక్షరాలు చదివాడు. పెద్దాయన అప్పటికప్పుడు ఒక రబ్బరు ముక్క మూల కోసి, కొట్టి చూపించాడు. కోసినచోట అంచు మెత్తగా ఉబ్బి పడింది. నా కవరు మీద అంచు గాజు పెంకులా ఉంది. న్యాయనిర్ణేత జేబులోంచి చీటీ తీసి "సరైనదే" అని రాసి, సంతకం చేసి నా చేతిలో పెట్టాడు. క్షమాపణ చెప్పలేదు, చీటీకే సరిపెట్టాడు. పోతూ పోతూ ఒక మాట అడిగాడు, మొత్తం పుస్తకం జిరాక్సు తీసి పంపగలనా అని.

తప్పకుండా అన్నాను.

పక్క సెంటరులో జిరాక్సు తీయించాను. తరవాత పెద్దాయనకు ఒక ఆర్డరిచ్చాను. ఎనిమిది మూలలు, నడుమ మూడు అలలు, ఒక మూల విరిగినట్టు ఉండాలి. "నా జిందగీల మొదటి ఇరిగిన ఆర్డర్," అని ఆయన మురిసిపోయి చేశాడు. అలల కింద రెండు వరుసలు రాయించాను: 'ఇది మాత్రం రబ్బరు ముద్రే. మెదక్ రేవు.'

పంపే ముందు దాన్ని ప్రతి పేజీ మీదా కొట్టాను. రెండొందలకు పైగా పేజీలు. ఊదా ఇంకు, ఒక్కటీ వంకర పోలేదు. ముద్రలు కొట్టడం నాకు కొత్తేం కాదు కదా.