వాము నూనె, రాజు గొంతు

మొన్న మా మనవరాలు ఒక చిన్న సీసా తెచ్చి నా ముందర పెట్టింది. ఒరెగానో నూనె అంట. "అవ్వా, గొంతు గరగరకు శానా మంచిదంట, నాలిక మీద రెండు చుక్కలు ఏసుకుంటే చాలంట" అంది. మూత తీసి చూశాను. అచ్చం మన వాము ఘాటే. మూత బిగించి సీసా నా దగ్గరే పెట్టుకున్నాను. నూనె చెడ్డదని కాదు, దాని మీద నాకు పగ లేదు. ఉత్త నూనె నోట్లో వేసుకునేది కాదని చెబితే ఈ కాలం పిల్లలు వినరు. ఆ కాలం మగవాళ్ళూ వినలేదు, ముఖ్యంగా మా ఇంటాయన.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో మాకు ఒక గుంట మగ్గం ఉండేది, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేది. ఆయన నేసేవాడు, నేను నూలు కండెలు చుట్టేదాన్ని. అది కూటి కోసం. ఆయన ప్రాణమంతా నాటకాల్లో ఉండేది. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పద్యనాటకం ఆడినా రాజు వేషం ఆయనదే. కిరీటం పెట్టుకుని, పద్యం చివర పైస్థాయిలో రాగం తీస్తే జనం "వన్స్‌మోర్" అని గొడవ చేసేవాళ్ళు. వాళ్ళు అడిగినన్ని సార్లూ పాడేవాడు, కాదనడం చేతనయ్యేది కాదు. ఇంట్లో మాత్రం ఆ గొంతు నీళ్ళు తెమ్మనడానికి, నూలు అయిపోయిందని చెప్పడానికి తప్ప పైకి లేచేది కాదు. ఊరందరికీ రాగాలు, నాకు మాత్రం గదమాయింపులు. నాకు ఒళ్ళు మండేది.

ఒక ఏడాది ఎండాకాలమంతా విడుపు లేకుండా నాటకాలాడి గొంతు బొంగురు చేసుకున్నాడు. ఎప్పుడూ రెండు రోజుల్లో సర్దుకునే గొంతు ఈసారి సర్దుకోలేదు. సరిగ్గా అప్పుడే పులివెందుల నుంచి మనుషులొచ్చి తిరుణాల నాటకానికి తాంబూలం ఇచ్చిపోయారు. పులివెందుల నా పుట్టినిల్లు. మా వాళ్ళెవరూ ఆయన పాడగా ఎన్నడూ వినలేదు. మా అన్న ఆయన్ని "నాటకాలాయప్ప" అని ఎగతాళి చేసేవాడు. అక్కడ ఒక్కసారి పాడి వాళ్ళ నోళ్ళు మూయించాలని ఆయనకు ఎన్నేళ్ళ నుంచో ఉండేది. పైకి చెప్పలేదు గానీ నాకూ ఉండేది.

ఇంక చూడండి ఆయన అవస్థ. కాలు కాలిన పిల్లిలాగా ఇంట్లో తిరిగేవాడు. మగ్గంలో కూర్చుంటే నాలుగు పోగులు నేసి లేచిపోయేవాడు. వాకిట్లోకి పోయి గొంతు సవరించుకుని రాగం ఎత్తుకునేవాడు, అది సగంలో తెగిపోయేది, మళ్ళీ లోపలికి వచ్చేవాడు. మిరియాల పాలు, కరక్కాయ, కలకండ, అన్నీ అయ్యాయి. నాటకాలవాళ్ళలో ఒక పిచ్చి నమ్మకం ఉండేది. గొంతులోకి ఏది పోయినా మండాలి. మండితేనే గొంతు తెరుచుకుంటుందని, ఎంత మండితే రాగం అంత పైకి పోతుందని. ఒక్కొక్కరి నడుము సంచిలో ఒక్కో ఘాటు సరుకు ఉండేది. ఎవరిది వాళ్ళు దాచుకునేవాళ్ళు.

మా వీధిలో ఒక సాయిబు అత్తర్లతో పాటు తైలాలు అమ్మేవాడు. ఈయన పోయి వాము నూనె సీసా పట్టుకొచ్చాడు. నేను సాయిబును ఆపి అడిగాను, అదేం చేస్తుందని. సాయిబు మొదట దాన్ని ఆకాశానికెత్తాడు. జలుబుకు, కడుపుబ్బరానికి, తామరకు, పంటి పోటుకు, అన్నిటికీ అదే అన్నాడు. చివర్లో మాత్రం గొంతు తగ్గించి, "నువ్వుల నూనెలో కలిపి పైన రుద్దుకోవల్ల తల్లీ. ఉత్తది తగిలితే తోలు లేసిపోతాది" అన్నాడు. ఆ మాట మా ఇంటాయన కూడా విన్నాడు. విని, లోపలికి పోయి, తమలపాకు మీద ఉత్త నూనె చుక్కలు వేసుకుని నమిలాడు.

నేను దొడ్లో గిన్నెలు తోముతున్నాను. మనిషి నోరు పట్టుకుని నీళ్ళ తొట్టి దగ్గరికి ఉరికి వచ్చాడు. కళ్ళ వెంబడి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నీళ్ళు పుక్కిలించే కొద్దీ మంట పెరిగిందే గానీ తగ్గలేదు. నోరు తెరిపించి చూస్తే నాలుక, బుగ్గల లోపల తెల్లగా ఉడికినట్టు అయిపోయాయి. భయమేస్తే నాకు తిట్లు వస్తాయి. "మండాలని గదా ఏసుకున్న్యావు, బాగా మండిందా?" అన్నాను. ఆయన జవాబు చెప్పబోయాడు. మాట రాలేదు, గాలి వచ్చింది.

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కించి జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ ఆయన నాలుకను గుడ్డతో పట్టుకుని, దీపం మీద వెచ్చజేసిన బుల్లి అద్దాన్ని గొంతులోకి పెట్టి చూసింది. నోటి పుండ్లు మానిపోతాయని, అసలు రోగం వేరే ఉందని చెప్పింది. వాడి వాడి గొంతు నరాలు వాచిపోయాయి. ఆ నూనె అంతదూరం పోయి వాటిని బాగు చేసేది లేదు, పోయి ఉంటే ఇంకా పాడు చేసి ఉండేది. మందు ఒక్కటే, నోరు మూసుకోవడం. తాను చెప్పేదాకా మాట వద్దు, పాట వద్దు, గుసగుస అసలే వద్దు, గుసగుసతో గొంతుకు ఇంకా శ్రమ అంది. ఆయన ముఖం చూడాల్సింది. చెయ్యి కోసేస్తామన్నా అంత బెదిరిపోయేవాడు కాదేమో.

నేను కొంగులోంచి సీసా తీసి నర్సమ్మకు చూపించాను. ఆమె వాసన చూసి ముందర అడిగిన మాట, "ఇంట్లో పసిబిడ్డలు ఉండారా?" అని. ఉన్నాడు, మా పెద్దోడు అప్పటికి పాలు మానలేదు. "వాని దరిదాపుల్లోకి రానియ్యొద్దు. చిటికెడు వాము అన్నంలో తింటే అరుగుతాది. ఇది చిటికెడు కాదు, గంపెడు వాము పిండితే వచ్చిన రసం" అంది. కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదని, కంటికి తగలనీయకూడదని, లోపలికి తీసుకోకూడదని చెప్పింది. పైపూతకైనా చెంచాడు నూనెలో ఒక్క చుక్క కలిపి, ముందర మోచేతి లోపల రాసి, ఒక రోజు చూసి, దద్దు రాకపోతేనే వాడమంది.

ఇంటికి వచ్చాక సీసా దాచాను గానీ పారేయలేదు. ఆయన నాటకాలకు పోయినప్పుడు మగ్గంలోకి నేనే దిగేదాన్ని, ఆ గుంటలో తడికి నా కాలివేళ్ళ సందులు పాసి దురద పెట్టేవి. ఆమె చెప్పినట్టే కొబ్బరినూనెలో కలిపి రాస్తే దురద తగ్గింది. నూనె గుణమో, కాళ్ళు తుడుచుకుని ఆరబెట్టుకోవడం నేర్చుకున్నందుకో నాకు తెలియదు.

ఇంక ఆ మౌనం. మనిషి మాట్లాడకపోతే ఇల్లు నిమ్మళంగా ఉంటుందనుకున్నాను. ఎక్కడి నిమ్మళం! చిటికెలు, చప్పట్లు, గోడ మీద దరువులు. నేను అర్థం చేసుకోకపోతే చెంబు విసిరేవాడు. నాటకం కంపెనీ ఆయన వచ్చి, "ఏం మామా, తిరుణాలకు అందుకుంటావా లేదా, ఒక మాట చెప్పు" అని కూర్చుంటే ఈయన నోరు తెరవబోయాడు. నేను అడ్డం పడ్డాను. "మాట్లాడితే గొంతు పోతాదప్పా, నువ్వు లేచి పో" అన్నాను. అతను పోయి, రాజు వేషం వేరేవాళ్ళకు ఇచ్చుకున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజు ఈయన అన్నం ముట్టలేదు. నేను నువ్వుల నూనెలో వాము నూనె చుక్క కలిపి, మోచేతి మీద చూసి, మెడకు రుద్దుకోమని ఇచ్చాను. దాంతో గొంతు వస్తుందని కాదు. ముక్కు కొంచెం తేలికపడుతుంది, పైగా చేతులకు ఒక పని ఉంటుంది. సాయంత్రం పూట వాకిట్లో కూర్చుని రుద్దుకుంటూ ఉండేవాడు, ఆ కాసేపే మనిషి కుదురుగా కనిపించేవాడు.

తిరుణాలకు ముందర మళ్ళీ జమ్మలమడుగు పోయాము. డాక్టరమ్మ చూసి, వాపు తీసింది, ఇంక మెల్లిగా మాట్లాడొచ్చు అంది. బస్సులో నేను ఆయన నోటికేసే చూస్తూ కూర్చున్నాను. మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక కూడా మాట్లాడలేదు. మళ్ళీ చిటికెలే. నాకు తిక్క రేగింది. "ఏంది నీ పంతం? ఆయమ్మ మాట్లాడమనింది గదా" అంటే చెయ్యి ఊపి మగ్గంలోకి దిగాడు. పంతం కాదని నాకు అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. నోరు తెరిస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది. తెలియనంత వరకు గొంతు ఉన్నట్టే.

తిరుణాలకు మా అమ్మ కబురు పెడితే పులివెందుల పోయాము. ఆయన రానంటాడేమో అనుకున్నాను, సంచి పట్టుకుని ముందరే బయలుదేరాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అన్న, "ఏమప్పా, నువ్వు ఏస్తావనుకున్న్యానే రాజు" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, మామూలుగానే అన్నాడు. ఆయన లేచి పెరటి వైపు పోయాడు. నేను వెనకే పోయాను.

పెరడు దాటితే మా వాళ్ళ శెనగ చేను. గట్టు మీద నిలబడి, నాకు వీపు చేసి, పద్యం ఎత్తుకున్నాడు. కింది స్థాయిలో గొంతు నిండుగా పలికింది. అంత దగ్గరగా, నా ఒక్కదాని ముందర ఆయన పాడటం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. పద్యం చివరికి వచ్చి రాగం పైకి తీశాడు. అది పోలేదు. మధ్యలో చీలి, గాలి అయిపోయింది. ఇంకోసారి తీశాడు. సరిగ్గా అక్కడే చీలింది. మూడోసారి తీయకుండా అలాగే నిలబడిపోయాడు.

నేను పక్కకు పోయి, "నాకు ఇంత సాలు" అన్నాను. నిజంగానే అన్నాను, ఓదార్పుకు కాదు. ఆయన చేను వైపే చూస్తూ, "నాకు సాల్దు మే" అన్నాడు. ఇంతకాలానికి ఆయన నాతో ఆడిన మొదటి మాట అది.