పూలజాడీకి బొట్టు

నానక్‌రామ్‌గూడలో మా అమ్మాయి పక్క ఫ్లాటాయనకు పాత పింగాణీ అంటే పిచ్చి. మొన్న నన్ను కూర్చోబెట్టి, అద్దాల బీరువాలోంచి మీగడ రంగు పూలజాడీ ఒకటి పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి తెచ్చారు. దాని మెడ కింద గోధుమ రంగు చుక్క, ఆ చుక్కకు జారిన చిన్న తోక. ఇది అపురూపమైన గ్లేజు పనితనమనీ, ఆ చుక్క ఉదయించే సూర్యుడనీ, రహస్యం పనివాళ్లతోనే పోయిందనీ చెప్పుకొచ్చారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఆ సూర్యుణ్ణి నా వేలితో పెట్టింది నేనే మరి.

డెబ్బైల మొదట్లో మాట. నాన్నకు బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం వస్తే గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడే కిరాయికి ఉండేవాళ్లం. ఇంట్లో కుదురుగా కూర్చునే రకాన్ని కాను. పక్క సందులో ఉన్న జాడీల కార్ఖానాలో చేరిపోయాను. గ్లేజులో, అంటే కాలిస్తే గాజులా మెరిసే పూతలో, ముంచి తీసిన జాడీల అడుగులు తడిగుడ్డతో తుడవడం నా పని. తుడవకపోతే బట్టీలో గ్లేజు కరిగి జాడీ కింది పలకకు అతుక్కుపోతుంది. రెండేళ్లు అడుగులే తుడిచాను. జాడీకి ముఖం కూడా ఉంటుందని మరిచిపోయాను. ముంచే పని మాత్రం మేస్త్రీది. ఆయన చేతిలో జాడీ బకెట్లో మునిగి, ఒక్క చుట్టు తిరిగి, నున్నగా పైకొచ్చేది. చూసి నాకు కడుపు మండేది.

అడగ్గా అడగ్గా ఒకరోజు ఆయన విసిగిపోయాడు.

"జర సతాయించుడు బంద్ చెయ్యమ్మా. ఈ నలభై పూలజాడీలు నువ్వే ముంచు. మంచిగొస్తే ఇగ బకెట్టు నీదే. లేకుంటే మల్ల ఆ మాట ఎత్తొద్దు."

"అలాగేనండి," అన్నాను. నలభై అయ్యేసరికి మోచేతుల దాకా తెల్లటి పూత, జడకు కూడా కొంత.

బట్టీ మూసే ముందు మా దగ్గర పూజ ఉండేది. కొబ్బరికాయ కొట్టి, ప్రతి జాడీకీ కుంకుమ బొట్టు పెట్టేవాళ్లు. మేస్త్రీ మొదటి జాడీకి పెట్టి, "మిగిలినయ్ నువ్వు పెట్టు" అని కొబ్బరికాయ కోసం వెళ్లాడు. నా కాళ్లు నేలమీద లేవు. బల్లమీద ఒక మూతలో ఎర్రపొడి కనిపించింది. వేలు తడిపి ముప్పైతొమ్మిదింటికీ టకటకా పెట్టేశాను. అది కుంకుమ కాదు, గ్లేజుకు గోధుమ రంగు తెచ్చే ఇనప తుప్పు పొడి. చూపుకు అచ్చం కుంకుమే. కుంకుమ మంటలో ఆనవాలు లేకుండా పోతుంది. తుప్పు పొడి పోదు, గ్లేజులో కరిగి అక్కడే కాపురం పెడుతుంది.

బట్టీ చల్లారాక తలుపుకు పేర్చిన ఇటుకలు తీశారు. లోపల ముప్పైతొమ్మిది జాడీలు బొట్లు పెట్టుకుని పేరంటానికి వచ్చినట్టు కూర్చున్నాయి. నాతోపాటు అడుగులు తుడిచే అక్క తొంగి చూసింది.

"ఓయమ్మో, గివి జాడీలా, ముత్తయిదువలా?" అని అక్కడే కూలబడి నవ్వింది.

నాకు ఏడుపూ వస్తోంది, నవ్వూ వస్తోంది. రెండూ ఒకేసారి గొంతులోకి వచ్చి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. రెండేళ్ల ఆశ నా వేలితో నేనే చెడగొట్టుకున్నానని భయం.

మేస్త్రీ నవ్వలేదు. ఒక్కో జాడీని వెలుతురులోకి తెచ్చి తిప్పి తిప్పి చూశాడు. గోటితో మీటి విన్నాడు. పూత ఎక్కడా లేవలేదు, సూది బెజ్జమంత గుంట కూడా లేదు. ఆఖరున బొట్టు లేని ఆ ఒక్క జాడీని చేతిలోకి తీసుకున్నాడు.

"తప్పయిపోయిందండి," అన్నాను ఎక్కిళ్ల మధ్య.

"నేను పెట్టిన బొట్టు కాలిపోయింది. నువ్వు పెట్టింది నిలిచింది," అన్నాడు. అప్పుడు నవ్వాడు. "ఇగ ఏడుపెందుకు? పో, బకెట్టు తీసుకో."

నేను ఎక్కిళ్లతోనే పరుగెత్తి బకెట్టును కావలించుకున్నాను. చీరంతా పూతే.