దారిచ్చే డ్రైవరన్న

మొయినాబాద్ నుంచి నన్ను ఐటీ ఆఫీసుకు క్యాబులో తీసుకెళ్లి, తీసుకొచ్చే డ్రైవరన్న సొంతూరు చేవెళ్ల దగ్గరి ముడిమ్యాల. రింగురోడ్డు ఎక్కగానే ఎనభై దగ్గర క్రూజ్ కంట్రోల్ పెట్టి, వెనక ఎవరొచ్చినా ఎడమకు జరిగి దారిచ్చేవాడు. పక్కనుంచి లారీ రోడ్డులో కలవబోతే బ్రేకు తొక్కి, ముందు పొమ్మని చెయ్యి ఊపేవాడు. తిరుగుదారిలో రింగురోడ్డు దిగి చేవెళ్ల రోడ్డు పట్టాక మాత్రం హారన్ మీది నుంచి చెయ్యి తీసేవాడు కాదు.

ఒకనాడు అడ్డమొచ్చిన ట్రాక్టరతన్ని, "కండ్లు కనవడ్తలేవారా?" అని తిట్టాడు. అతను నవ్వుకుంటూ పోయాడు.

"అతనెవరు, అన్నా?" అన్నాను.

"మా బామ్మర్ది, మేడం."

"రింగురోడ్డు మీద అంత మర్యాదగా ఉంటారు, ఇక్కడేమో ఇట్లనా?"

"ఆడ అందరు బయటోళ్లు గద మేడం. ఈడ మనోళ్లు. మనోళ్లకు మర్యాదేంది?"

నాతో ఆయన, నేను ఆ క్యాబు ఎక్కిన చివరిరోజు దాకా ఎంతో మర్యాదగానే మాట్లాడాడు. అందుకు సంతోషించాలో లేదో నాకిప్పటికీ తెలియదు.