పై కబ్జా పూర్తిగా, కింది కబ్జా సగం

విశ్వవిద్యాలయం వారు మాకిచ్చిన క్వార్టర్లో పడకగదికి ఒక కిటికీ ఉంది. రెండు రెక్కల కిటికీ. ఎడమ రెక్క బుద్ధిగా మూసుకుంటుంది. కుడి రెక్క మాత్రం పై మడతబందు పూర్తిగా ఊడి, కిందిది సగం ఊడి, తప్పతాగి గోడకు జారగిలబడ్డ పెద్దమనిషిలా వేలాడుతూ ఉండేది. అద్దం చుట్టూ పట్టించిన లప్పం ఎండి పెచ్చులు పెచ్చులుగా రాలిపోవడంతో, చిన్న గాలి వీచినా ఆ అద్దం పళ్ళు పటపటా కొరికేది. ఇక చౌకట్టు మీద మందంగా పేరుకున్న తెల్లటి పదార్థాన్ని నేను మొదట్లో సున్నం అనుకున్నాను. గోటితో గీకి, వాసన చూసిన తర్వాత ఆ పూట అన్నం మానేశాను.

పావురాలు! తార్నాక చౌరస్తా నుంచి లాలాపేట్ దాకా ఉన్న పావురాలన్నీ ఎక్కడో సమావేశమై, మా కిటికీని తమ జంక్షన్‌గా తీర్మానించుకున్నట్టున్నాయి. ఊచల సందులోంచి దూరి మంచం మీద దిగేవి. దిండు మీద రెట్ట, కళ్ళజోడు పెట్టెలో ఈక, పప్పుచారులో ఈక. ఒక తల్లి నా ఉన్ని టోపీలో గుడ్డు పెట్టింది. ఆ టోపీని ఇప్పటికీ కడుగుతూనే ఉన్నాం.

"మీ బైబిల్లో పావురానికి చాలా గౌరవం ఉంది కదా, కాస్త ఓపిక పట్టు," అన్నాను ఒకసారి మా ఆవిడతో.

"బైబిల్లోది వేరే పావురం. ఇది తార్నాక పావురం," అంది ఆవిడ. "అది ఓడలోకి ఒక్క ఆకు తెచ్చింది. ఇవి తెచ్చేవి చూశారా? కరెంటు తీగలు, ఎవరి తలవెంట్రుకలో. ఛీ!"

మా ఆవిడ వాళ్ళది గుంటూరు వైపు. లాలాగూడ చర్చిలో పాటల బృందంలో పాడుతుంది. పదకొండేళ్ళు రెండో వరసలో నిలబడి నలుగురితో పాటు గొంతు కలిపిన మనిషికి, మొట్టమొదటిసారి ఆ వచ్చే ఆదివారం ఒంటరిగా పాడే అవకాశం వచ్చింది. సరిగ్గా ఆ వారమే ఆవిడ గొంతు పట్టేసింది. పాట ఎత్తుకుంటే మూడో మాటకు దగ్గు. డాక్టరు వివరమంతా విని, "పావురాల ధూళి. ముందు కిటికీ మూయండి, మందుల సంగతి తర్వాత," అన్నాడు.

ఇంటికొచ్చి ఆవిడ నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది. "ఏవండీ, ఆదివారం లోపు ఈ కిటికీ మూతపడాలి. లేదంటే నా నోరు మూతపడుతుంది. ఏది కావాలో మీరే తేల్చుకోండి."

తేల్చుకోవడానికి నేను ఒక్క క్షణం ఎక్కువ తీసుకున్నాను. ఆ క్షణాన్ని ఆవిడ నేటికీ క్షమించలేదు.

సోమవారం స్వయంగా రంగంలోకి దిగాను. మడతబందును దాని స్థానంలో పెట్టి, స్క్రూలు తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను. బెజ్జాలు అరిగి పెద్దవైపోయాయేమో, స్క్రూలు ఎంత తిప్పినా బిగుసుకోవు, జాతరలో రంగులరాట్నం ఎక్కినట్టు హాయిగా తిరుగుతాయి. చివరికి నా పైజామా బొందు తీసి రెక్కను ఊచకు కట్టేశాను. తెల్లారేసరికి పావురాలు ఆ బొందును విప్పుకుపోయి గూటిలో పరుచుకున్నాయి.

మంగళవారం తార్నాకలో ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళాను.

"మడతబందు కావాలండీ," అన్నాను.

"గదేంది సార్? తినేదా?" అన్నాడు కొట్టాయన.

రెండు అరచేతులు పుస్తకంలా తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూపించాను. చూసేవాళ్ళు నేను ప్రార్థన చేస్తున్నాననుకుని పక్కకు తప్పుకున్నారు.

"ఓహో, కబ్జా! కబ్జా అనుండ్రి సార్. గిన్నేండ్ల సంది గీడ ఉంటున్నరు, కబ్జా తెల్వదా?"

"ఎందుకు తెలియదండీ? భూములు చేసేదేగా."

"గది వేరే కబ్జా. గది చేస్తరు. గిది బిగిస్తరు." మా క్వార్టరు కిటికీకని చెబితే ఆయన నవ్వాడు. "అయినా క్వార్టరు సర్కారుది. మీరెందుకు చెయ్యి పెట్టుడు? ఆఫీసుల రిజిస్టరు ఉంటది, అండ్ల రాయుండ్రి. వాళ్ళే చేస్తరు."

కొత్త మాట దొరికిన ఆనందంలో ఇంటిదాకా గాల్లో నడిచాను. ఇన్నేళ్ళూ నగరంలో ఉండి మడతబందు మడతబందు అంటూ తిరిగినందుకు సిగ్గేసింది కూడా.

బుధవారం ఫిర్యాదుల రిజిస్టరు ముందు కూర్చున్నాను. ఆ రిజిస్టరు మరో రోత. అట్ట జిడ్డు, పేజీల మధ్య చచ్చిన పురుగులు, టీ మరకలు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పబోయి, సమయానికి బుద్ధి తెచ్చుకుని ఆగాను. నా ముందు రాసినవాళ్ళ కొళాయిలు కారుతూనే ఉన్నాయని వాళ్ళు మళ్ళీ మళ్ళీ రాసిన రాతలే చెబుతున్నాయి. సాదాసీదాగా రాస్తే లాభం లేదని గ్రహించి, నా సాహిత్య శక్తినంతా కూడదీసుకుని ఇలా రాశాను:

"అయ్యా, మా క్వార్టరులో పై కబ్జా పూర్తిగా అయిపోయింది. కింది కబ్జా సగం అయింది. ఇదే అదనుగా బయటినుంచి జంటలు జంటలుగా చొరబడి లోపల కాపురాలు పెడుతున్నాయి. ఆదివారం లోపు తగు చర్య తీసుకోగలరు."

చదువుకుని నాలో నేను మురిసిపోయాను.

గురువారం పొద్దున్నే మా వాకిట్లో జీపు ఆగింది. భద్రతా సిబ్బంది ఇద్దరు, కొలతల టేపుతో ఒకాయన, చంకలో ఫైలుతో ఒక అధికారి దిగారు. కిటికీ కోసం ఇంత బలగమా! నా శైలి మీద నాకు అమాంతం గౌరవం పెరిగింది.

"సార్, కబ్జా ఎక్కడ?" అన్నాడు అధికారి.

"పడకగదిలో."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "పడకగదిలకే వచ్చిండ్రా! ఎన్ని కుటుంబాలు?"

"ప్రస్తుతం నాలుగు. ఒకటి బీరువా మీద ఉంది."

"బీరువా మీద?" టేపు పట్టుకున్నాయన నోరు తెరిచాడు. అధికారి మాత్రం చలించలేదు. ఫైలు తెరిచి, "పైది పూర్తిగ కబ్జా అయిందని రాసిండ్రు. పైన ఎవరుంటరు?" అని పై అంతస్తు వైపు చూశాడు.

పైన ఉండేది రసాయనశాస్త్రం మేడం. ఆవిడ అప్పటికే బాల్కనీలోంచి వంగి వింటోంది. "ఎవర్నంటున్నరు కబ్జా అని? నా బాల్కనీల రెండు పూలకుండీలు తప్ప ఏమన్న ఉన్నదా? పైకి రాండ్రి, కొలుసుకోండ్రి!" అని కేక పెట్టింది. ఆ రోజునుంచి ఆవిడ మాకు కరివేపాకు పంపడం మానేసింది.

పరిస్థితి చేయి దాటుతోందని, ఊడిన మడతబందు తెచ్చి అధికారి చేతిలో పెట్టాను. దానికి అంటుకున్న రెట్ట ఆయన వేళ్ళకు అంటుకుంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కిటికీలోంచి మెడ చాచిన పావురాన్ని చూశాడు. టేపు మనిషి గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు.

"సార్," అన్నాడు అధికారి వేళ్ళు దూరంగా పట్టుకుని, "హింజ్ అని రాస్తే అయిపోతుండె గద. చదువుకున్నోళ్ళు."

"స్థానిక భాషను గౌరవిద్దామని..."

"గౌరవం మంచిగనే ఉన్నది. కానీ భూమి కబ్జా అని ఫైలు పైకి పోయింది. విచారణ కాంగనే మూసేస్తరు. అందాక ఇండ్ల ఏం మార్చొద్దు."

ఆ మాటనే ముద్రించిన దళసరి కాగితాన్ని మైదా జిగురుతో మా కిటికీ అద్దానికి అంటించారు. "విచారణ ముగియు వరకు ఇచట యథాతథ స్థితి కొనసాగించవలెను. ఎట్టి మార్పులును చేయరాదు." మధ్యాహ్నానికల్లా పావురాలు దాని మీద తమ ముద్రలు కూడా వేశాయి.

శనివారం మా ఆవిడ పాట ఎత్తుకుంది. మొదటి చరణం దాటింది. పై స్థాయికి వెళ్ళేచోట గొంతు చిరిగిన గుడ్డలా పలికి ఆగిపోయింది. ఆవిడ పాటల పుస్తకం మీద పడ్డ ఈకను రెండు వేళ్ళతో తీసి, నా పక్కన టేబుల్ మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేదనిపించింది. నేను ఒక మాటకు మురిసిపోతూ గడిపిన వారం ఆవిడ పదకొండేళ్ళను తినేస్తోంది.

అరగంటలో మాణికేశ్వర్ నగర్ నుంచి ఒక పెద్దవయసు వడ్రంగి మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన గదిలోకి అడుగుపెట్టి ముక్కు మూసుకున్నాడు.

"థూ! ఇండ్లెట్ల పంటున్నరు సార్? కోళ్ళ గూడు నయం."

ముందు శుభ్రం చేయమన్నాడు. అది నా వంతు. బకెట్లకొద్దీ నీళ్ళు పోసి, అట్లకాడతో గీకాను. నానిన కొద్దీ దాని వాసన పునర్జన్మ ఎత్తింది. బీరువా మీది గూటిలో గుడ్లు లేవు గానీ తీగలు, వెంట్రుకలు, ఎవరిదో సగం హాల్‌టికెట్టు, నా పైజామా బొందు దొరికాయి. బొందును చూసి నాకు డోకు వచ్చింది. మా ఆవిడకు నవ్వు వచ్చింది, దాని వెనకే దగ్గు.

మేస్త్రీ స్క్రూ బెజ్జంలో వేలు పెట్టి చూశాడు. "కబ్జా మంచిగనే ఉన్నది. కట్టె పట్టు పోయింది. ఒక అగ్గిపెట్టె ఇయ్యుండ్రి."

"తగలబెడతారా?" అన్నాను ఆశగా.

"ఏం మనిషివి సార్! పుల్లలు జిగురుల ముంచి బెజ్జంల కుక్కితె స్క్రూ పట్టుకుంటది."

ఇల్లంతా వెతికాం. గ్యాసుకు లైటరు, కొవ్వొత్తులకు లైటరు. ఈ కాలంలో అగ్గిపుల్ల ఎవరింట్లో ఉంది?

"పోనీ దళసరి కాయిదం అన్న ఉన్నదా? సన్నగ చుట్టి, జిగురు పట్టించి కొడితె తెల్లారెటాల్లకు కట్టె లెక్క అయితది."

మా ఆవిడ అద్దం వైపు చూసింది. తడిగుడ్డతో నోటీసును మెల్లగా ఊడదీసింది. వెనక వైపు శుభ్రంగా ఉందో లేదో చూసుకుని, నిలువునా పట్టీలుగా చింపింది.

మేస్త్రీ ఒక పట్టీ అందుకుని చదివాడు. "అమ్మా, గిండ్ల ఏం మార్చొద్దని రాసున్నది."

"మనమేం మారుస్తున్నాం? కబ్జా దాని చోట ఉంటుంది, కాగితం దాని చోట ఉంటుంది. కొట్టండి."

ఆయన పట్టీలను సన్నగా చుట్టి, జిగురు పట్టించి బెజ్జాల్లోకి కొట్టాడు. స్క్రూ రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టుకు కిర్రుమని ఆగింది. ఆ చప్పుడుకు నా ఒళ్ళు పులకరించింది. అద్దం చుట్టూ కొత్త లప్పం పట్టించి, బిగుసుకుపోయిన గడియకు కొవ్వొత్తి రాసి, రెక్క మూసి, "పొద్దటి దాక ముట్టకుండ్రి," అని వెళ్ళాడు. పావురాలు అద్దానికి అవతల నిలబడి, ఇల్లు ఖాళీ చేయించిన యజమానిని చూసినట్టు నన్ను చూశాయి.

ఆదివారం చర్చిలో మా ఆవిడ మొదటి వరసకు ముందు నిలబడింది. గొంతు కొద్దిగా బొంగురుగానే ఉంది. నేను పైకి చూశాను. వెంటిలేటరులో ఒక పావురం! ఆవిడ కూడా చూసింది. చూసి, దాని మీద కసితో పాడుతున్నట్టుగా పై స్థాయి అందుకుంది. గొంతు చిరగలేదు. చివర దాకా నిలబడింది. పావురం లేచిపోయింది. నేను జేబురుమాలు తీశాను, రెట్ట తుడుచుకోవడానికి మాత్రం కాదు.

సోమవారం అధికారి ఫైలు మూయడానికి వచ్చాడు. కిటికీ తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. రెక్క చప్పుడు లేకుండా తిరిగింది. అద్దం మాత్రం ఖాళీగా ఉంది.

"నోటీసు ఏది సార్?"

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ టీ కప్పుతో వచ్చింది. "మేమేం ముట్టుకోలేదండీ. కిటికీకే ఉంది."

"కనబడ్తలేదు గద మేడం?"

"గట్టిగా పట్టుకుని ఉందండీ. మీరు టీ తాగండి."