మా క్వాయర్ పాటలన్నీ నేనే తుడిచేశాను

మన పాటలు పెద్ద కంపెనీల చేతిలో ఎందుకని పోట్లాడి, క్వాయర్ ఫోన్ గ్రూపులోంచి బయటికొచ్చి, గుణదలలో మా ఇంటి పాత కంప్యూటర్‌లో చర్చి క్వాయర్‌ కోసం పాటలు దాచుకునే సొంత క్లౌడ్ సర్వర్ పెట్టాను. సర్వర్ ప్రోగ్రాం కంటెయినర్ అనే పెట్టెలాంటి దాంట్లో నడుస్తుంది; అప్‌డేట్ చేసినప్పుడల్లా దాన్ని తీసేసి కొత్తది పెట్టాలి కాబట్టి పాటల ఫైళ్లను దాని బయట భద్రపరచాలి. నేను లోపలే ఉంచేశాను. ఈ రోజు అప్‌డేట్ చేద్దామని పాత కంటెయినర్ తీసేస్తే, దాంతోపాటే తిరునాళ్ల పాటలన్నీ పోయాయి. సాయంత్రమే ప్రాక్టీసు! క్వాయర్ నడిపే సుగుణ ఆంటీ దగ్గరికి పరుగెత్తి తప్పు ఒప్పుకున్నాను.

"ఏం పోలేదులే నాన్నా, అన్నీ గ్రూపులో ఉన్నాయి. అందరూ అక్కడ వినే నేర్చుకుంటున్నారుగా."

"మరి నా సర్వర్‌లో పెట్టిందెవరండీ?"

"నేనే. ఖాళీగా ఉంటే నువ్వు బాధపడతావని."

నా సిద్ధాంతం ఇప్పటికీ కరెక్టే. కానీ పాటలు కావాలంటే, తలుపు ధడేలున వేసి వచ్చిన ఆ గ్రూపులో మళ్లీ చేర్చమని అడగాలి. అడగమంటారా?