కోళ్ళు లేని ఇంటికి నూకలు

మా తోడికోడలు కృపావతి గురించి చెప్తా, రాసుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ చదువు కలపమాక.

కృపావతి మా మరిది ఇస్సాకు పెళ్ళాం. పుట్టిల్లు నాగాయలంక వైపు. వాళ్ళ నాన్న దైవాధీనం గారు మిషను వాళ్ళ దగ్గర ఉపదేశి, గుళ్ళో వాక్యం చెప్పేవాడు. జీతం పెద్దదేం కాదుగానీ, సంఘంలో వాళ్ళు ఎవరింట్లో ఏం పండినా ముందు అయ్యగారింటికే తెచ్చేవాళ్ళు. బియ్యం, అరటిగెలలు, కొబ్బరికాయలు, ఏటి చేపలు, ఏదో ఒకటి గుమ్మంలో ఉండేది. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల అన్నం కోసం ఎప్పుడూ ఎదురు చూడలా. మా ఇల్లేమో గుడివాడలో, రైసు మిల్లుల వెనకాల పేట. పొద్దున లేస్తే తవుడు దుమ్ము తప్ప మా గుమ్మంలోకి ఊరికే వచ్చేది ఏదీ ఉండేది కాదు.

దాని పెళ్ళైన కొత్తలో మా అత్త ఒక పూట నూకలన్నం వండి పెట్టింది. ఈ పిల్ల కంచం ముందు కూచుని నా వంక చూసి, "అక్కా, మీరు కోళ్ళు పెంచుతారా?" అనడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. వాళ్ళింట్లో నూకలు కోళ్ళకే వేస్తారు మరి. మా అత్త మూతి ముడుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది. నాకేమో నవ్వాగలా.

అంతమాత్రాన టెక్కు మనిషి అనుకోమాక. ఒకళ్ళని చిన్నమాట అనేది కాదు. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని ఆదివారం గుడికి బయల్దేరిందంటే ఎక్కడా ఒక మడత నలిగేది కాదు. ఎవరన్నా ఇంటికొస్తే అన్నం పెట్టకుండా పంపేది కాదు. తన కష్టం మాత్రం పక్కింటికి కూడా తెలియనిచ్చేది కాదు. వేరు కాపురాలు పెట్టాక ఆ పక్కిల్లు మాదే. మధ్యలో ఒక్క తడిక. తడిక ఇవతల ఉన్నదానికి తెలియకుండా ఎలా ఉంటుంది? దాని పొయ్యి మీద ఏం ఉడుకుతుందో వాసన బట్టి చెప్పేదాన్ని.

ఇస్సాకు మిల్లులో బస్తాలు మోసేవాడు. శనివారం బట్వాడా, వారం కూలి చేతికొచ్చేది. ఆ సాయంత్రం ఆడాళ్ళమందరం పోతయ్య కొట్టు దగ్గర చేరేవాళ్ళం, వారానికి సరిపడా సరుకులు తెచ్చుకోడానికి. మొదట్లో అది మాకు పండగలా ఉండేది. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, కిరసనాయిలు, చివర్న పిల్లలకి ఇంత బెల్లంముక్క. తర్వాత శేర్లు పోయి కిలోలొచ్చాయి, అణాలు పోయి నయాపైసలొచ్చాయి. కొత్త తూకం మా బుర్రలకెక్కే లోపు పోతయ్య రేటు ఇంకో మెట్టెక్కించేవాడు. అడిగితే, బందరు నుంచి వచ్చే సరుకే పెరిగింది, నేనేం చేసేదమ్మా అనేవాడు. అరవైనాలుగో అరవైఅయిదో, నాకు ఏళ్ళు గుర్తుండవుగానీ, అప్పుడు మాత్రం మరీ అన్యాయం. ఈ వారం ఉన్న రేటు పైవారం ఉండేది కాదు. ఒక శనివారం బెల్లం మానేశాం, ఇంకో శనివారం కందిపప్పు సగం చేశాం, నూనె అయితే మూకుట్లో పోయడం మానేసి వేలితో రాసేదాకా వచ్చాం. కూలి మాత్రం ఉన్నచోటే ఉంది. పొద్దస్తమానం మా పేట మగాళ్ళు మోసేది బియ్యమే. ఆ బస్తాలన్నీ గూడ్సుబండెక్కి ఎటు పోయేవో, మా ఇంటి డబ్బా మాత్రం శుక్రవారానికే అడుగు కనపడేది.

సన్నబియ్యం నుంచి ముతకబియ్యంలోకి దిగాం. తర్వాత నూకల్లోకి దిగాం. నేనైతే గట్టిగానే చెప్పి తెచ్చుకున్నా. పోతయ్యా, ఇంక మా మొహాలకి నూకలే కొలువు అన్నా. నాకు సిగ్గు తక్కువలే. అదీగాక మా ఆయన రిక్షా లాగేవాడు, రిక్షావాడి పెళ్ళాం ఏం తింటే ఎవడికి కావాలి?

కృపావతి అలా చెప్పలేకపోయింది. ఆ శనివారం నా పక్కనే నిలబడి, ముతకబియ్యం కొంచెం ఇమ్మని అడిగి, తర్వాత గొంతు తగ్గించి నూకలు కూడా ఇమ్మంది. పోతయ్యకి కొంచెం చెవుడు. "నూకలా? మీకెందుకండీ కృపావతమ్మ గారూ?" అని కొట్టు ముందున్న వాళ్ళందరికీ వినపడేలా అడిగాడు. ఉపదేశి గారి కూతురని మిగతా మాకెవరికీ లేని 'గారు' దానికి తగిలించేవాడు. ఆ గారే దాని కొంప ముంచింది.

"కోళ్ళకండీ" అంది.

నేను దాని మొహం వంక చూశా. నా వంక తిరగలా.

అదిగో, అప్పట్నుంచీ వారం వారం అదే తంతు. బియ్యం తగ్గేకొద్దీ కోళ్ళకి నూకలు పెరిగేవి. పోతయ్య పాపం మంచికే, మీ కోళ్ళెలా ఉన్నాయండీ అని పలకరించేవాడు. ఇది ఏదో ఒకటి చెప్పాలి గదా. ఒక వారం తెల్లపెట్ట పొదిగిందంది. ఇంకో వారం పిల్లల్ని గద్ద ఎత్తుకుపోయిందంది. మళ్ళీ పిల్లలు లేచాయంది. ఆ కొట్టు ముందు అది చెప్పిన కోళ్ళన్నీ నిజంగా ఉంటే మా పేటలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. దారిలో నేను తిట్టా. ఏమే, నూకలు తింటున్నామని చెప్తే నాలిక ఊడిపోతుందా అన్నా. అది నెత్తిమీద సంచి సర్దుకుంటా, నాన్నకి తెలిస్తే ఎలా అక్కా అంది. నాగాయలంకలో ఉన్న మనిషికి గుడివాడ నూకల సంగతి ఎవరు మోసుకుపోతారే అన్నా. వినలా.

ఇంట్లో రెండు గిన్నెలు పెట్టేది. చిన్నగిన్నెలో ఇస్సాకుకి బియ్యంతో అన్నం. బస్తాలు మోసే మనిషి గదా. పెద్దగిన్నెలో తనకీ ఆడపిల్లలిద్దరికీ నూకలు. మగాడు ముందు తిని లేచేవాడు, తర్వాత వీళ్ళు. రెండో గిన్నె మూత అతని ముందు ఎప్పుడూ తియ్యలా. అతను కూడా ఎప్పుడూ అడగలా. తెల్లటి అన్నం కంచంలోకి వస్తుంటే ఏ మగాడు మాత్రం పొయ్యి వైపు చూస్తాడు?

కోతలయ్యాయి. కోతలయ్యాక దిగాల్సిన రేటు ఆ ఏడు దిగలా. గుళ్ళో కోతపండగ దగ్గరికొచ్చింది. మా సంఘంలో ఆ పండక్కి ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి దేవుడి బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, వరికంకులు, కోళ్ళు, గుడ్లు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు, వచ్చిన డబ్బు గుడికి. సంఘపెద్ద యేసుదాసు గారు మిల్లులో గుమస్తా, ఆయన సరుకులూ పోతయ్య కొట్టులోనే. పండక్కి ఎవరేం తెస్తారో రాసుకోడానికి ఇల్లిల్లూ తిరుగుతా మా వీధికొచ్చాడు. నా దగ్గర రెండు కొబ్బరికాయలు రాసుకుని కృపావతి గుమ్మం ముందు ఆగాడు. వీధిలో వాళ్ళంతా అరుగుల మీదే ఉన్నారు.

"మీకేమండీ కృపావతమ్మ గారూ, కోళ్ళ మంద ఉందంటగా. మంచి పెట్టనొకటి రాసుకుంటున్నా" అన్నాడు.

ఆ పెద్దమనిషి కాస్త తల తిప్పి దొడ్డి వైపు చూసినా తెలిసేది. ఈక కూడా లేదక్కడ. చూళ్ళా. ఇది, రాసుకోండన్నయ్య గారూ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన వీధి మలుపు తిరగ్గానే వెళ్ళి దులిపేశా. ఇప్పటికన్నా పోయి చెప్పు, కోళ్ళకి తెగులొచ్చి పోయాయని చెప్పు, ఎన్ని అబద్ధాలు ఆడలేదు, ఇదొకటి అన్నా. దేవుడికి ఇస్తానన్నదాంట్లో అబద్ధం ఆడనక్కా అంది. చూడు దాని లెక్క. మనుషుల దగ్గర ఎన్నన్నా ఆడొచ్చంట, దేవుడి దగ్గర ఆడకూడదంట.

పండగ ముందురోజు శనివారం. బట్వాడా డబ్బులు చేతికి రాగానే కృపావతి పోతయ్య కొట్టు వైపు రాలా. స్టేషను దగ్గర పల్లెటూళ్ళ వాళ్ళు కోళ్ళూ గుడ్లూ పెట్టుకుని కూచునే చోటికి పోయింది. వారం సరుకుల డబ్బు పోసి నిగనిగలాడే ఎర్రపెట్టని కొనుక్కొచ్చింది. ఇస్సాకు చూసి ఎక్కడిదని అడిగితే, నాన్న బస్సులో పంపించాడంది. అతను మురిసిపోయి, మావయ్య మనసు పెద్దదన్నాడు. నేను తడిక ఇవతల నూకలు చేటలో పోసుకుని ఏరుతా అంతా వింటున్నా.

ఆ కోడిని పొయ్యి పక్కనే గుంజకి కట్టేశారు. దేవుడికిచ్చే కోడి వాడిపోకూడదని, డబ్బా అడుగున మిగిలిన నూకల్లోంచి పిడికెడు తీసి దానికేసింది. పిల్లలిద్దరూ అది గింజ గింజా ఏరుకుని తింటుంటే చూస్తా కూచున్నారు. కృపావతి వాళ్ళని లేపి ఆడుకోండని బయటికి పంపింది. పంపి, గుంజకానుకుని నిలబడిపోయింది. అప్పుడు దాని మొహం చూసి నేను తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మింగేశా.

ఆదివారం గుడి నిండిపోయింది. చుట్టుపక్కల పల్లెల సంఘాల వాళ్ళు కూడా వచ్చారు. ఆరాధనయ్యాక వేలం మొదలైంది. యేసుదాసు గారు సరదా మనిషి, వేలం పాడితే నవ్వలేక చచ్చేవాళ్ళం. గుమ్మడికాయలయ్యాయి, గుడ్లయ్యాయి. ఎర్రపెట్టని రెక్కలు పట్టుకుని పైకెత్తాడు. ఇది ఇస్సాకు గారి ఇంటి కోడి, పోతయ్య కొట్టులో నూకలన్నీ ఖాళీ చేసిన కోడి, పాట మొదలుపెట్టండి అన్నాడు. జనం నవ్వారు. మగాళ్ళ వైపు కూచున్న ఇస్సాకు కూడా నవ్వాడు, పాపం, అర్థంకాకుండానే.

వెనక వరసలోంచి ఒక ముసలామె లేచింది. ధనమ్మంట పేరు, ఏదో పల్లె నుంచి వచ్చింది.

"అయ్యా, ఇది నా కోడి. నిన్న టేషను కాడ ఈ అమ్మకే అమ్మా. నా చేతి కోడి దేవుడి బల్ల దాకా వచ్చింది" అంది.

ఆమె చెడ్డకి అనలా. నిండు సంతోషంతో అంది. కృపావతిని చూపించి రెండు చేతులూ ఎత్తి దణ్ణం కూడా పెట్టింది.

యేసుదాసు గారు ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. "మరి మీ కోళ్ళేమయ్యాయమ్మా? ఇన్నాళ్ళ నూకలూ ఎవరు తిన్నారు?" అన్నాడు.

అన్నాక ఆయనకే తెలిసింది ఏం అన్నాడో. చేతిలో కోడి రెక్కలు కొట్టుకుంటోంది. మా వరసలో ఉన్న ఆడాళ్ళల్లో సగం మంది ఇళ్ళల్లో ఉడికేది నూకలే, అయినా ఒక్కతి తలెత్తలా. కృపావతి ఆ తెల్లచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేల మీద చాప వంకే చూస్తా కూచుంది. లేచి పోనూ లేదు. యేసుదాసు గారు గబగబా పాట పాడేసి, తనే డబ్బులేసి ఆ కోడిని పక్కన పెట్టేశాడు. తర్వాత వేలంలో ఒక్క సరదా మాట లేదు.

ఇంటికొచ్చే దారంతా ఇస్సాకు ముందు నడిచాడు, ఇది వెనకాల. తిడతాడనుకున్నా. చెయ్యెత్తుతాడేమోనని నేను తడిక పక్కనే నిలబడ్డా. ఎత్తితే మధ్యలో దూరదామని. అతను కాళ్ళు కడుక్కుని పీట మీద కూచున్నాడు. ఇది ఆఖరి బియ్యంతో వండిన చిన్నగిన్నె తెచ్చి వడ్డించబోయింది. అతను పీట మీంచి లేచాడు. పొయ్యి దగ్గరికి పోయి పెద్దగిన్నె మూత తీశాడు. దాంట్లోకి చూశాడు. తర్వాత గరిటె తీసుకుని తన కంచంలో ఆ నూకలే పెట్టుకుని, చిన్నగిన్నె పిల్లల ముందు పెట్టి, కూచుని తిన్నాడు. మజ్జిగ కూడా అడగలా.

గుళ్ళో అంతమంది ముందు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. తడిక దగ్గరికొచ్చి, ఆయనకి నూకలు పెట్టాల్సొచ్చిందక్కా, ఇంక నేనెందుకక్కా అంది. పెట్టింది నువ్వు కాదే, పెట్టుకుంది వాడు అన్నా. ఆ మాట దానికి ఏమన్నా ఆనిందో లేదో నాకు తెలీదు.

ఆ వారం అంతా వాళ్ళకి నేను చేబదులిచ్చిన నూకలతోనే గడిచింది. వీధి కుళాయికి కూడా జనం పోయాకే పోయింది. యేసుదాసు గారి భార్య ఏదో గిన్నెతో వస్తే తలుపు తియ్యలా. శనివారం వచ్చింది. సరుకులు నేను తెచ్చిపెడతాలే అన్నా. వద్దక్కా, నేనే వస్తానంది. పోతయ్య కొట్టు ముందు వాళ్ళూ వీళ్ళూ జరిగి దానికి దారిచ్చారు. అలా దారివ్వడం కూడా ఒక వాతే. పోతయ్యకి సంగతి చేరిపోయింది. చెవుడైనా ఇలాంటివి బాగానే వినపడతాయి. ఇది నూకలు కావాలంది, ఈసారి గొంతు తగ్గించలా. అతను కోళ్ళ ఊసెత్తలా. ఎందుకనీ అడగలా. తలొంచుకుని తూచి సంచిలో పోశాడు. పోసి, చేట్లోంచి ఇంకో దోసెడు తీసి పైన వేశాడు. గింజ ఎక్కువ పోతే మళ్ళీ వెనక్కి తీసుకునే మనిషి వాడు.

కృపావతి ఆ సంచిలోకి చూసింది. చెయ్యి పెట్టి ఆ పైనున్న దోసెడూ తీసి, మళ్ళీ చేట్లో పోసేసింది.

"ఈ నూకలు మా ఇంట్లో తినడానికే, పోతయ్య గారూ. తూచింది చాలు" అంది.

సంచి నెత్తిన పెట్టుకుని నడిచింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నేను నా సరుకులు అడగడం కూడా మర్చిపోయి దాని వెనకాల నడిచా.