బావురుపిల్లికి మా అత్తగారి తిట్లు

తన్లిన్ ఊరి నుంచి వస్తుంటే దారిపక్క కాలవలో దొరికిందని మా ఆయన ఏదో జంతువు పిల్లను పాత లుంగీలో చుట్టి తెచ్చాడు. ఒళ్ళంతా మచ్చలు, ముందుకాలు విరిగి వేలాడుతోంది. చూస్తూనే మా అత్తగారు అది చిరుతపిల్లేనని తేల్చేసింది. మింగళాడోన్‌లో జంతువుల డాక్టరు చూసి, చిరుతా లేదు పాడూ లేదు, చిత్తడినేలల్లో చేపలు పట్టుకు తినే బావురుపిల్లి అన్నాడు. ఆ మాటకి అత్తగారు నొచ్చుకుంది. అప్పటికే చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ చిరుత అని చెప్పుకొచ్చింది మరి.

డాక్టరు దగ్గర బోన్లు ఖాళీ లేవు. కట్టు కట్టి, కాలు అతుక్కునేదాకా మీరే ఉంచుకోండన్నాడు. షరతు మాత్రం ఒకటి పెట్టాడు. దాన్ని నిమరకూడదు, దానితో మాట్లాడకూడదు. మనుషులంటే భయం పోయిందా, ఇక దాన్ని వదలడానికి లేదు, బతుకంతా బోనులోనే. మా అత్తగారిని మాట్లాడొద్దనడమా! ఆవిడ ఉడుకుతున్న పప్పుతో కూడా మాట్లాడుతుంది.

తామ్వే పేటలో మూడో అంతస్తు మాది. వెనక వరండాలో బోను పెట్టి గోనెపట్టా కట్టాం. చేప వేసే పని ఆవిడే పుచ్చుకుంది. మర్నాడే చేతినిండా గోళ్ళ గీతలతో వచ్చింది. ఏమిటంటే దిష్టిచుక్క పెట్టబోయిందట. మొహం నిండా నల్లచారలున్నదానికి కాటుకచుక్క ఎందుకండీ అంటే, అందరి కళ్ళూ దానిమీదే ఉన్నాయంది. ఆ అందరూ ఎవరయ్యా అంటే, పట్టాకి ఇవతల నేనూ మా ఆయనా. కాలికట్టుకి నల్లదారం ఎప్పుడు కట్టిందో, ఎలా కట్టిందో నాకు ఈనాటికీ తెలీదు.

కాలు అతుక్కున్నాక డాక్టరు చూడ్డానికొచ్చాడు. ఆయన్ని చూసి అది బుస్సుమంది. నన్ను చూసి పళ్ళు బయటపెట్టింది. ఆయన తెగ సంతోషపడిపోతున్నాడు. అంతలో వంటింట్లో అత్తగారు దగ్గింది. అంతే, పిల్ల పరుగున వచ్చి ఊచలకి బుగ్గ రాస్తూ గురగుర మొదలెట్టింది. డాక్టరు మొహం మాడిపోయింది. ఈ పెద్దావిడ గొంతంటే భయం పుట్టేదాకా వదలడం కుదరదని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాడు.

తిట్టి భయపెట్టమ్మా అన్నాడు మా ఆయన. ఆవిడ నోరంటే వీధి వీధంతా హడలు. చెంగు దోపుకుని బోను ముందు నిలబడి నోరు తెరిచిందా, "ఏటే, బువ్వ తిన్నావా?" అనే వచ్చింది. మళ్ళీ ప్రయత్నిస్తే ఇంకా మెత్తగా వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కోడల్ని తిట్టడానికి లేని మొహమాటం ఈ పిల్లి దగ్గరెందుకో అనేశాను.

ఇక చూడాలి! నా వంట, నా నడక, మా పుట్టింటి చారు, ఏదీ వదల్లేదు. పిల్ల చెవులు వెనక్కి వాల్చుకుని నీళ్ళతొట్టి వెనక దూరింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే బోను ముందు నాకు తిట్ల పారాయణం. మా ఆయన టీ గ్లాసుతో కుర్చీ వేసుకుని మరీ వినేవాడు. డాక్టరు మళ్ళీ వచ్చేసరికి, ఆవిడ దగ్గు వినబడితే చాలు, పిల్ల దాక్కుంటోంది.

తన్లిన్ అవతల, తుంగ పెరిగిన చిత్తడినేల దగ్గర, పిల్లను తెచ్చిన పెట్టె తలుపు డాక్టరు తీశాడు. పిల్ల బయటికొచ్చి నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి అత్తగారి వంకే చూసింది. ఒక్క మెత్తటి మాట అంటే వచ్చేసేలా ఉంది. ఆవిడ పెదవులు కదిలాయి. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏటే కోడలా, గొడుగు తెమ్మంటే తేలేదేటి? నీకు బుద్దెప్పుడొస్తాదే?" అని నామీద విరుచుకుపడింది.

తుంగ కదిలింది. పిల్ల వెళ్ళిపోయింది. అయినా ఆవిడ ఆపలేదు, ఏడుస్తూ తిడుతూనే ఉంది. గొడుగు నా చంకలోనే ఉంది.